దేవికి వచ్చిన ఎక్స్

సీతాఫల్‌మండిలో కన్నబాబు లెక్కల ట్యూషన్‌కు మంచి పేరుంది. ఫీజు మాత్రం ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉండేది. "మీరు కాబట్టి తగ్గించాను, బయట అనకండి" అని ప్రతి తల్లికీ గుట్టుగా చెప్పేవాడు. పుష్పమ్మ గంటసేపు బేరమాడి, తొమ్మిదో తరగతి చదివే కూతురు కల్పలతకు నెలకు పన్నెండు వందలు ఖాయం చేసుకుంది. విజయనగరం నుంచి వచ్చిన కనకలక్ష్మి మాత్రం "మన వైపు తమ్ముడే కదా" అని అడిగినంతా ఇచ్చేసింది. పైగా వారం వారం ఆవ పెట్టిన పనసపొట్టు కూర పంపేది. తోడబుట్టినవాడు కూడా అంత మొహమాటం లేకుండా తినడు. అడగనివాళ్లకు తగ్గించడం ఎక్కడైనా ఉందా అని కన్నబాబు వాదన.

ఎంత చెప్పినా సమీకరణాల్లో ఎక్స్ పిల్లల బుర్రకెక్కడం లేదని ఆ సాయంత్రం అతనికి విసుగొచ్చింది. "పుస్తకంలో పెన్నులూ పెన్సిళ్లూ వదిలేయండి. మీ ఇంటి ఖర్చు మీద మీరే ఒక లెక్క కట్టండి" అన్నాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

అందరికన్నా ముందు లేచింది కనకలక్ష్మి కూతురు దేవి. ఏడాదిగా ఒక్క సమీకరణమూ సరిగ్గా చేసిన పిల్ల కాదు.

"ఇక్కడ నాకూ తమ్ముడికీ కలిపి ఫీజు రెండు వేల ఆరొందలు. వాడికి నాకన్నా నాలుగొందలు తక్కువ. నా ఫీజు ఎక్స్" అంటూ బోర్డు మీద రాసింది. రెండు ఎక్స్‌లు మూడు వేలు. ఎక్స్ పదిహేను వందలు.

కన్నబాబు పైనుంచి కిందికి రెండుసార్లు చూశాడు. లెక్కలో వంక పెట్టడానికేమీ లేదు.

"గట్లెట్ల సార్? మా అమ్మ పన్నెండొందలే ఇస్తది. ఇద్దరం తొమ్మిదే కద" అంది కల్పలత.

క్లాసంతా అతని వైపు చూసింది. నిజం ఒప్పుకుంటే కనకలక్ష్మికి మొహం ఎలా చూపించాలి? ఇంత పెద్ద ఊళ్లో అతన్ని తమ్ముడూ అని పిలిచేది ఆమె ఒక్కతే.

"తప్పమ్మా. మళ్లీ చెయ్యి" అన్నాడు.

దేవి మళ్లీ చేసింది. మళ్లీ పదిహేను వందలే. కళ్లలో నీళ్లు తిరిగాయి. సార్ తప్పు చెప్పడని ఆ పిల్ల నమ్మకం. కాసేపు బోర్డుకేసి చూసి, రెండు వేల ఆరు వందలు చెరిపి రెండు వేలు చేసింది. ఈసారి పన్నెండు వందలు వచ్చింది.

"మా అమ్మే అబద్ధం చెప్పింది సార్" అంది మెల్లగా. "నాన్న దగ్గర ఎక్కువ తీసుకుని ఆరొందలు దాచుకుంటున్నట్టుంది."

కన్నబాబు చాక్‌పీసు తీసుకుని ఆ లెక్క పక్కన టిక్కు పెట్టాడు.