డొంకదారి పట్టిన ఇల్లు

మధ్యాహ్నం కునుకు తీసి లేచాక నిర్మలాదేవి మొట్టమొదట చేసే పని, బావి ఎంత దూరం పోయిందో చూసుకోవడం. నిజానికి పోయేది బావి కాదు, ఇల్లు. కానీ నెలలు నిండుతున్న కడుపుతో, చంకలో ఖాళీ బిందెతో నిలబడ్డ మనిషికి ఆ తేడా పెద్దగా పట్టదు. నిన్నటిదాకా వాకిట్లో నిలబడితే గిలక చప్పుడు వినిపించేది. ఇవాళ గిలక కనిపిస్తోంది కానీ వినిపించడం లేదు.

"ఇంకాస్త జరిగింది అత్తయ్యా" అంది విసుగ్గా.

రాఘవమ్మ చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండానే, "జరగదూ మరి! ఊరికే కూర్చుంటే దానికి మాత్రం ఎంతకని తోస్తుంది" అంది.

బూర్గంపాడు దాటి అడవి అంచుకు పోయేకొద్దీ, అడవికర్రతో కట్టిన ఇళ్లకు ఈ గుణం ఉండటం వింతేమీ కాదు. చెట్టుగా ఉన్నన్నాళ్లూ ఒక్కచోటే నిలబడి విసిగిపోయిన కర్ర, స్తంభమయ్యాక కాళ్లు సాచుకుంటుందని పెద్దవాళ్లు అంటారు. ఒకాయన ఇల్లు తాటితోపులోకి పోయి కూర్చుంటే ఆయన వ్యవసాయం మానేసి కల్లు అమ్ముకున్నాడు. ఏ ఇల్లయినా మనుషులు చూస్తుండగా కదలదు. అందరూ భోంచేసి నడుం వాల్చే వేళ చూసుకుని, ఉట్టి మీద పెరుగుచట్టి కూడా తొణక్కుండా నాలుగడుగులు వేస్తుంది. పైరు తొక్కదు. బండ్లు పోయే డొంక వెంటే పోతుంది. అంత మర్యాద మనుషులకు కూడా ఉండి ఉంటే నిర్మలకు ఈ తిప్పలుండేవి కావు.

తిప్పలన్నీ చలిమిడి నాడు మొదలయ్యాయి. ఏడో నెలలో పుట్టింటివాళ్లు చలిమిడి తెచ్చి కూతురి ఒళ్లో పెట్టడం, తొలి కాన్పుకు వెంటబెట్టుకు పోవడం రెండిళ్లలోనూ ఉన్న ఆనవాయితీయే. నిర్మల తండ్రి వెంకటనారాయణకు మనసు మంచిది, నోరే మంచిది కాదు. ఆ సంగతి ఆయన భార్య సుబ్బరత్నం పెళ్లయినప్పటి నుంచి ఊరందరికీ చెప్పుకుంటూనే ఉంది. ఆ రోజు ఆయన పీట మీద కూర్చుని, తడికల మీద మట్టి మెత్తిన గోడల్ని కలియజూసి, "ఏందయ్యా అల్లుడూ, దీన్ని ఇల్లంటారా, గొడ్లకొట్టం అంటారా? నా బిడ్డ ఉంటున్నది ఇందులోనా?" అన్నాడు.

చెంచురామయ్య అల్లుడు. ముద్దతో నోటిదాకా వచ్చిన చేయి విస్తట్లోకి దిగిపోయింది. "అయితే నా భార్య మీ మేడ గడప తొక్కదు. కాన్పు ఈ కొట్టంలోనే జరుగుతది" అన్నాడు.

"జరగనియ్. నీ గడప మళ్లీ తొక్కితే నా పేరు వెంకటనారాయణే కాదు!" అని మామ విస్తరి ముందు నుంచి లేచాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. బండి ఎక్కబోతూ పెళ్లాం వైపు తిరిగి, "నువ్వూ విను. మన పొలం గట్టు దాటి ఇటు అడుగేసినవా, నా మీద ఒట్టే" అన్నాడు. మొగుడి ప్రాణం మీద ఒట్టు పడ్డాక సుబ్బరత్నం ఏం చేస్తుంది? సగం చలిమిడి కూతురి ఒళ్లోనూ సగం గిన్నెలోనూ ఉండగానే లేచిపోయింది. నువ్వెక్కడ కంటావమ్మా అని కనబోయే మనిషిని మాత్రం ఒక్కరూ అడగలేదు.

మర్నాటి నుంచి చెంచురామయ్య ఇంటి మీద పడ్డాడు. పుట్టబోయే బిడ్డకు ముందుగా గుడ్డముక్క కూడా కొనకూడదని తల్లి కట్టడి చేసింది కాబట్టి, ఉయ్యాల మీదా బట్టల మీదా చూపాల్సిన పంతమంతా గోడల మీదా నేల మీదా చూపించాడు. మేస్త్రి గోపాలును పిలిపించి లోపలంతా నున్నగా గచ్చు చేయించాడు. గచ్చు ఆరాక దాని మీద అటూ ఇటూ నడిచి, "ఇప్పుడు రమ్మను మీ నాయనను" అన్నాడు పెళ్లాంతో. ఆ మధ్యాహ్నం వాళ్లు పడుకుని లేచేసరికి ఇల్లు ముందుకు పోయింది, గచ్చు వెనకే ఉండిపోయింది. ఎండలో తళతళ మెరుస్తున్న ఆ గచ్చు మీద సాయంత్రానికల్లా పక్కపొలం వాళ్లు మిరపకాయలు ఆరబోసుకున్నారు. అడిగితే, "ఖాళీగా ఉన్నది గదాని" అన్నారు.

స్నానాలకు దడి కట్టించాడు. ఆ దడీ వెనకబడిపోయింది. నీళ్లకొకవైపు, స్నానానికొకవైపు పొలాల వెంట నడవలేక నిర్మల కాళ్లు వాచాయి. గోపాలు సున్నం బక్కెట కింద పెట్టి, "అన్నా, సున్నం ఏసుడు నా పని. ఇల్లు నిలవడుడు ఇంటి పని. పొద్దుగాల ఏస్తే పొద్దూకేసరికి పగుళ్లు పడుతున్నయి. నా పేరు ఖరాబైతున్నది" అని చెప్పి వెళ్లిపోయాడు. బండ్లవాళ్లు డొంకలో ఆగి, "మీ ఇంటిని జెర పక్కకు జరగమనుండ్రి" అని కేకలేశారు. నిర్మల గుమ్మంలోకి వచ్చి, "అది నా మాట వింటే నేనిట్లా ఎందుకుంటాను!" అని వాళ్ల మీదే విరుచుకుపడింది. కోపం ఎవరి మీద చూపాలో వాళ్లు దొరకనప్పుడు బండ్లవాళ్లే దొరుకుతారు.

అసలు గుట్టు విప్పింది లైన్‌మన్ మంగీలాల్. తండాలో మొట్టమొదట సర్కారు నౌకరీ వచ్చినవాడు, అందుకే ప్రతి పనీ తెగ ఆలోచించి చేస్తాడు. నిచ్చెన వేసుకుని పైకెక్కి, బిగుసుకుపోయిన కరెంటు తీగను చేత్తో తట్టి చూశాడు.

"అన్నా, ఇంక సాగదు. ఇంకో స్తంభం ఏయాలె. ఇల్లు యాడ ఆగుతదో ఎరికైతే ఆడనే ఏయిస్త."

"నాకేం ఎరుక?" అన్నాడు చెంచురామయ్య.

మంగీలాల్ నిచ్చెన మీద నుంచే డొంక వెంట చూపు సారించాడు. "ఎరుక గాకేంది! సీదా పోతున్నది. మీ మామ మిరప కల్లం కాడికి."

కింద నిలబడ్డ తల్లీకొడుకులూ నిర్మలా ముగ్గురూ అటు చూశారు. దూరంగా ఎండలో ఎర్రగా మిరపరాశులు. వాటి చుట్టూ నిర్మల చిన్నప్పుడు కాయలు ఏరిన కల్లం, కల్లం పక్కనే బావి, పుట్టింటి పొలం గట్టు, గట్టు మీద హద్దురాయి. నిర్మల ఎండకు చేయి అడ్డం పెట్టుకుని ఇంకోసారి చూసింది. తనకు కలిగింది సంతోషమని ఆమె ఒప్పుకోలేదు. ఇన్నాళ్ల నుంచీ తిట్టిన ఇంటిని ఒక్కసారిగా ఎలా మెచ్చుకుంటుంది?

చెంచురామయ్య మాత్రం మొహం మాడ్చుకున్నాడు. "ఇది కూడా మీవాళ్ల పక్షమే" అని, బూర్గంపాడు పోయి లావుపాటి గొలుసు తెచ్చాడు. అప్పటికి ఇల్లు గట్టు దగ్గరికి రానే వచ్చింది. వెనక స్తంభానికి గొలుసు చుట్టి, డొంక పక్కన తుమ్మచెట్టుకు బిగించి తాళం వేశాడు. మర్నాడు మధ్యాహ్నం ఇల్లు ఒక్క గుంజు గుంజింది. తుమ్మచెట్టు వంగింది కానీ ఊడలేదు. వాకిలి సరిగ్గా గట్టును ఆనుకుని ఇల్లు ఆగిపోయింది.

ఆ గుంజుకు గడప, ద్వారబంధంలో బిగించిన కూసాల్లోంచి వదులైంది. చెంచురామయ్య సుత్తీ మేకులూ పట్టుకొచ్చేసరికి రాఘవమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ద్వారబంధానికి మేకు కొడతావా? బుద్ధుందా నీకు?"

"ఊడిపోతదమ్మా."

"ఊడనీ. పురుడు అయ్యాక కొట్టుకో."

నిర్మల ఎప్పటిలాగే శుక్రవారం ఆ వదులు గడపకే పసుపు రాసి బొట్లు పెట్టింది.

గట్టుకు అటుపక్క సుబ్బరత్నం రోజూ వచ్చి నిలబడేది. "అన్నం తిన్నావా అమ్మాయ్" అని అక్కడి నుంచే అడిగేది. గట్టెక్కితే మొగుడి మాట పోతుందని నిర్మల గుమ్మం పట్టుకునే, "తిన్నానమ్మా" అనేది. చేయి చాపితే అందేంత దూరంలో ఉన్న తల్లిని కేకేసి పలకరించాల్సి రావడం, ఏ శత్రువుకూ వద్దు. ఒకరోజు సుబ్బరత్నం చింతచిగురు పప్పు గిన్నెతో వచ్చింది. చెంచురామయ్య గిన్నెను చూసి, పప్పును చూసి, మొహం తిప్పుకున్నాడు. రాఘవమ్మ గట్టెక్కి గిన్నె అందుకుంది.

"అమ్మా!" అన్నాడు కొడుకు.

"నాకెవరూ ఒట్టు పెట్టలేదురా" అంది రాఘవమ్మ.

నిర్మల ఆ పప్పన్నం కలుపుకుంటూ ఏడ్చింది. పక్కనే కూర్చుని గొలుసు తాళానికి నూనె రాస్తున్న మొగుణ్ని చూసేసరికి ఏడుపు కోపమైంది.

"మా నాన్న మాటకు మీరు లేచారు. మీ మాటకు ఆయన లేచాడు. మీ ఇద్దరి పంతాలూ ఎత్తుకుని కూర్చున్నది నేను. నాకు భయమేస్తోందని మీకు తెలుసా? రాత్రీ పగలూ భయమేస్తోంది. గచ్చు, సున్నం, గొలుసు... మా అమ్మ కావాలి నాకు. గచ్చు నన్నేం చేసుకోమంటారు?"

చెంచురామయ్య నూనె చేతులు తుడుచుకున్నాడు. తాళం మాత్రం తీయలేదు.

నొప్పులు తెల్లవారుతూనే మొదలయ్యాయి. మంగీలాల్ తల్లి మంగమ్మ ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ మంత్రసాని. చెంచురామయ్య సైకిలు మీద పోయి ఆమెను ఎక్కించుకొచ్చాడు. వంటింటి పక్క గదిలో పాత చీర పరిచి, నీళ్లు కాచి, మంగమ్మ పని మొదలుపెట్టింది. ఎండ ఎక్కింది. నిర్మలకు నొప్పి వచ్చినప్పుడల్లా ఒళ్లంతా బిగుసుకుపోతోంది. పళ్లు బిగించి, మంచం పట్టె పట్టుకుని, కళ్లు మాత్రం వాకిలి వైపే. అక్కడి నుంచి గట్టు కనిపిస్తుంది, గట్టు మీద అమ్మ కనిపిస్తుంది. అమ్మ చెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

మంగమ్మ బయటికొచ్చి చెంచురామయ్యతో, "పిల్ల బెదురుతోని బిగుసుకపోతున్నది. బిడ్డ దిగుతలేదు. బండి మీద ఇప్పుడు దవాఖానాకు గూడ కదపరాదు. దీని తల్లిని పిలువుండ్రి, జల్దీ" అంది.

"ఆమె రాదు. ఒట్టున్నది" అన్నాడు చెంచురామయ్య. ఆ మాట అంటుంటే అతని గొంతు అతనికే పరాయిదిగా వినిపించి ఉంటుంది.

లోపలి నుంచి నిర్మల కేక వేసింది. అది నొప్పి కేక కాదు. "ఏవండీ! ఆ గొలుసు విప్పండి!"

చెంచురామయ్య పరుగెత్తాడు. బొడ్డులోంచి తాళంచెవి తీసి, రెండుసార్లు జారవిడిచి, మొత్తానికి తాళం తీశాడు. గొలుసు గలగలా కిందపడింది. తుమ్మచెట్టు నిటారుగా లేచింది. ఇల్లు మాత్రం కదల్లేదు.

అందరూ ఇంటి వైపే గుడ్లప్పగించి చూస్తున్నారు మరి.

ముందుగా తట్టింది రాఘవమ్మకే. "అయ్యో, ఇంతమంది చూస్తుంటే ఎట్లా కదులుతుంది? కళ్లు మూసుకోండి! వదినగారూ, మీరూ మూసుకోండి. మంగమ్మా, నువ్వూను!"

అందరూ కళ్లు మూసుకున్నారు. చెంచురామయ్య చెట్టుకు ఆనుకుని రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నిర్మల అందరికంటే చివర మూసుకుంది, ఎందుకంటే అమ్మ మీద నుంచి చూపు తిప్పడం ఆమెకు చేతకాలేదు. మూసుకోగానే, చిన్నప్పుడు అమ్మ ఒళ్లో పడుకుని ఎడ్లబండిలో పోయినట్టు ఒళ్లంతా మెల్లగా ఊగింది. ఎక్కడో కర్ర విరిగిన చప్పుడైంది. పైన పెంకులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. తర్వాత నుదుటి మీద ఒక చేయి పడింది. మిరపకాయల ఘాటు వాసన వేసే చేయి.

"నేనున్నాను అమ్మాయ్. వదులు. ఒళ్లు వదులు."

నిర్మల వదిలింది. మధ్యాహ్నం భోజనాల వేళకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల ఏడుపు విని, కల్లం అవతల పాకలో బస్తాలు కుట్టిస్తున్న వెంకటనారాయణ దబ్బనం పారేసి వచ్చాడు.

వచ్చి ఇంటి ముందు నిలబడిపోయాడు. తన కల్లం నడిబొడ్డున అల్లుడి ఇల్లు. చదునుగా అలికిన నేల మీద, అక్కడే కట్టినట్టు సర్దుకుని కూర్చుంది. లోపల తన పెళ్లాం గొంతు. గట్టు దాటింది ఆమె కాదు కాబట్టి తన ప్రాణానికి ఢోకా లేదు. అల్లుడు వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఇంటి చూరును పరీక్షగా చూశారు.

"పిల్ల బాగున్నదా?" అన్నాడు వెంకటనారాయణ చివరికి.

"బాగున్నది మామయ్యా. లోపలికి రాండ్రి."

"ఎట్ల వస్తనయ్యా? నీ గడప తొక్కనని అందరి ముందరా అంటిని."

చెంచురామయ్య చేయెత్తి వెనక్కి చూపించాడు. గట్టుకు అవతల, హద్దురాయి పక్కన, పసుపూ బొట్లతో గడప ఒక్కటే ఎండలో పడి ఉంది.

వెంకటనారాయణ దాన్ని చూశాడు. వంగి, వాకిట్లో గడప ఉండాల్సిన చోట నేలను వేళ్లతో తడిమాడు. ఉత్త మట్టి. తన కల్లం మట్టే. "అయితే తొక్కడానికి ఏమీ లేదన్నమాట" అన్నాడు.

"నేనూ మాట తప్పలేదు మామయ్యా. కాన్పు నా ఇంట్లోనే అయింది" అన్నాడు చెంచురామయ్య.

"అవ్, అవ్. నేను మాత్రం తప్పిన్నా?"

ఇద్దరూ ఎవరి మాట వాళ్లు ఎంత గట్టిగా నిలబెట్టుకున్నారో ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. లోపల మంచం మీద నిర్మల అదంతా వింది. ఒళ్లంతా పచ్చిపుండుగా ఉంది. పక్కలో పిల్ల ఎర్రగా, ముడతలు ముడతలుగా, ఎవరి మీదో కోపంగా ఉన్నట్టు పిడికిళ్లు బిగించుకుని పడుకుంది. ఇన్ని నెలల విసుగూ నిర్మలకు ఒక్కసారిగా నోటిదాకా వచ్చింది. తీరా చూస్తే దాంట్లో సగం నవ్వే ఉంది.

"మీ ఇద్దరి మగతనాలూ తర్వాత తూచుకుందురు గాని," అంది గట్టిగా, "ముందు బావి దగ్గరికి పోయి కాళ్లు కడుక్కురండి. దగ్గరే ఉంది."