మూడో సాక్షి

హర్షిణి అంటే నాకు కుళ్లు. దాచడమెందుకు? తలుపు కట్టింది నేను. ఆ తలుపు ముందు నిలబడి మెప్పు కొట్టేసేది ఆమె.

కడపలో మా ఆఫీసు చేసేది వర్చువల్ రియాలిటీ గ్రానైట్ షోరూమ్. హెడ్‌సెట్ తగిలించుకుంటే చాలు, ఎక్కడో ఉన్న కొనుగోలుదారు మా రాళ్ల మధ్య నడుస్తాడు. ఒకరి రూపం వేసుకుని ఇంకొకరు లోపలికి రాకుండా ఆపే ఆ తలుపు నా పని. పాస్‌వర్డులన్నీ ఒకచోట పెట్టే పద్ధతి నేను ఒప్పుకోలేదు. ఎవరి తాళం వాళ్ల ఫోన్‌లోనే. ఫోన్ పోతే, వాళ్లు ముందే ఎంచుకున్న ముగ్గురు సాక్షులూ ‘ఈమే’ అని ఒప్పుకోవాలి. ఒక్కో సాక్షితో ఇద్దరికే తెలిసిన ఒక్కో మాట. అవసరం పడేదాకా ఎవరికి ఎవరు సాక్షో ఎవరికీ కనిపించదు. సాక్షుల్ని అడిగి ఒప్పించకూడదన్న నిబంధన కూడా నేనే రాశాను.

ఇటలీ వాళ్లకు షోరూమ్ చూపించాల్సిన రోజు పొద్దున్నే హర్షిణి ఆటోలో ఫోన్ పోగొట్టుకుంది. పదకొండుకు ప్రదర్శన. మా మేనేజర్ సుబ్బయ్య సార్ నన్ను పిలిచి తలుపు తెరవమన్నాడు. అది నా వల్లే కాదు, ఎవరి వల్లా కాదని చెప్పాను. నిజమే చెప్పాను గానీ చెబుతుంటే ఎంత హాయిగా ఉందో! ఆమెకు తలుపు తెరుచుకోకపోతే నేనే చూపిస్తానన్నాను. సరేనన్నాడు.

వేంపల్లె నుంచి హర్షిణి వాళ్లమ్మ రామసుబ్బమ్మ ఒప్పుకుంది. అన్న చైతన్య ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నవాళ్ల పేరే తెర మీద పడుతుంది; మూడో సాక్షి ఇంకా పలకలేదు. పదిన్నరకు నా ఫోన్ చూసుకున్నాను.

‘హర్షిణికి మీరు సాక్షి. ఆమె రాసుకున్న ప్రశ్న: మొదటి రోజు క్యాంటీన్‌లో నువ్వన్న మాట ఏది?’

కన్నడ సరిహద్దులో ఉన్న మా కోసిగి నుంచి వచ్చిన మొదటి రోజు, టీ తాగి, “దుడ్లు మర్చి వచ్చినా” అన్నాను. హర్షిణి పకపకా నవ్వింది. ఆ నవ్వుకు రెండేళ్లుగా ఉడికిపోతున్నాను. ఆ తర్వాత ఈ ఊళ్లో ఆ మాట నా నోట రాలేదు. డబ్బులనే అంటున్నాను.

ఫోన్ బోర్లించి హెడ్‌సెట్ చేతిలోకి తీసుకున్నాను. అద్దాల అవతల హర్షిణి గోడ గడియారం చూస్తోంది. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నా నిబంధన పాటిస్తోందని అర్థమై ఇంకా ఒళ్లు మండింది. పది యాభైకి ‘దుడ్లు’ అని కొట్టాను.

తలుపు తెరుచుకుంది. చప్పట్లన్నీ ఆమెకే. నా కుళ్లు ఎక్కడికీ పోలేదు.

సాయంత్రం హర్షిణి వచ్చి నా పక్కన కూర్చుంది.

“మా అవ్వది మీ ఆదోని పక్కే. దుడ్లనే అంటాండె. ఆమె పోయినాంక ఆ మాట మళ్లా నీ నోటే విన్నా. శానా సంతోషమై నవ్వినా” అంది. కుర్చీ నా వైపు తిప్పుకుని, “నీ ముగ్గురిలో నేనుండానా, మహాదేవీ?” అని అడిగింది.

నా ముగ్గురూ కోసిగి వాళ్లే. అమ్మ, చిన్నాయన, నాగక్క.

“ఉండావు” అన్నాను.

ఆమె నమ్మింది. అబద్ధమో కాదో తెలుసుకునే దారి ఆమెకు లేదు. ఆ దారి మూసింది నేనే.