నా కడుపు నేను చూసిన రోజు

నేను ఆయన చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతున్నాను. ఆయన సోఫాలో కాళ్లు చాపుకుని, బరువు తగ్గించే ఆపరేషన్ల గురించి ఫోన్లో చదువుతూ, "స్లీవ్ చేయించేద్దాం. ఏడాదిలో సగం అయిపోతావట," అన్నారు. ఫ్రిజ్ కొనేముందు కూడా అచ్చం ఇలాగే చదివి వినిపించారు. "కడుపులో బెలూన్ పెడితే కొన్నాళ్లకి తీసేస్తారట, మళ్లీ మొదటికే. కడుపు చుట్టూ బ్యాండ్ వేస్తే జారిపోవచ్చట. బైపాస్ అంటే పేగులు మార్చి కుట్టడం. అంత గొడవ మనకెందుకు?" ఆ 'మనం' ఎవరమో నాకు అర్థం కాలేదు. అత్తగారు గదిలోంచే అందుకున్నారు. "నోరు కట్టేసుకుంటే పోయేదానికి కడుపు కోయించుకోవడం ఏమిటమ్మా, చోద్యం!"

నోరు కట్టేసుకోవడం నాకు కుదరదు, నిజమే. నా జీతం నోటిదే. రైల్వే స్టేషన్లో బళ్ల రాకపోకలు మైకులో చెప్పేది నేను. నా గొంతు వినగానే అంతమంది పెట్టెలు పట్టుకుని కదులుతారు. ఓసారి ఆ గొంతు ఎవరిదో చూడాలని ఒక ప్రయాణికుడు మా గది దాకా వచ్చాడు. నన్ను చూసి, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగిచూశాడు. మా సూపర్‌వైజరు పడీపడీ నవ్వి, "మైకు ముందున్నంతసేపూ మీరు హీరోయినేనండీ," అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వడం కూడా డ్యూటీలో భాగమైపోయింది. ఇంటికొచ్చి అందరికీ వడ్డించాక, గిన్నెల అడుగున మిగిలింది పారేయలేక, నిలబడే నోట్లో వేసుకుంటాను. ఆయనేమో వచ్చినవాళ్లతో, "మా ఆవిడ గాలి పీల్చినా లావెక్కుతుంది," అంటారు. మోకాళ్లు అరిగాయి. షుగర్ మాత్రలు పెరిగాయి. నడుం వాలిస్తే గుండెల్లో మంట. ఇవేవీ ఆయన ఫోన్లో లేవు.

ఆసుపత్రికి ఖాళీ కడుపుతో రమ్మన్నారు. సర్జన్ నాకంటే చిన్నావిడ. "తొందరగా సన్నబడేది ఏదండీ?" అని అడిగారు మావారు. ఆవిడ నా వైపు తిరిగి, "ముందు లోపల ఎలా ఉందో చూద్దామమ్మా," అన్నారు.

గొంతులో ఏదో మందు కొట్టారు. నాలుక మొద్దుబారింది. మాటే బతుకుతెరువైనదాన్ని, మాట లేకుండా ఎడమవైపుకి తిరిగి పడుకున్నాను. చివర కెమెరా ఉన్న సన్నటి గొట్టం లోపలికి దిగుతుంటే కళ్లమ్మట నీళ్లు కారాయి. "తెర చూడండమ్మా, భయం తగ్గుతుంది," అన్నారు డాక్టరు.

చూశాను.

ఏదో మురికి గొయ్యి కనిపిస్తుందనుకున్నాను. ఇన్నాళ్లూ అందరూ దాన్ని పిలిచిన పేర్లు అలాంటివి మరి. గోతాం, గాదె, ఎంత పోసినా నిండని కుండ. కానీ తెర మీద గులాబీ రంగు. తడితడిగా మెరిసే గులాబీ రంగు, మడతలు మడతలుగా. ఆ మడతలు కదిలాయి. ఎక్కడో పైన ఒక అల పుట్టి, ఏ తొందరా లేకుండా కిందికి నడిచి, చివరున్న చిన్న ద్వారం దగ్గర సద్దుమణిగింది. వెనకే ఇంకొకటి బయలుదేరింది. లోపల మెతుకు లేదు, అయినా అది పనిలోనే ఉంది. నేను పుట్టినప్పటినుంచీ, నన్ను వెక్కిరించిన పూటల్లోనూ, నేనే దాన్ని అసహ్యించుకుని అద్దం ముందు గిల్లుకున్న పూటల్లోనూ ఇలాగే ఉండి ఉంటుంది. నేను నిలబడి హడావిడిగా మింగిన ప్రతి ముద్దనీ అది నింపాదిగా మెత్తబరిచి నాకు ఒళ్లుగా, ఊపిరిగా అందించింది. గొంతు పలికి ఉంటే ఏమనేదాన్నో తెలీదు. చూస్తూ ఉండిపోయాను.

మాట తిరిగొచ్చాక డాక్టరు నన్నూ మావారినీ కూర్చోబెట్టారు. "స్లీవ్‌లో ఇందాక మీరు చూసినదాంట్లో ముప్పాతిక వంతు కోసి తీసేస్తాం. మళ్లీ పెట్టలేం. మీకున్న మంట ఇంకా పెరగొచ్చు. బైపాస్‌లో ఏదీ తీసి పారేయం. పైన కోడిగుడ్డంత సంచీ విడదీసి పేగుకి కలుపుతాం. మీ షుగర్‌కీ మంటకీ అదే మెరుగు. కానీ జన్మంతా విటమిన్లు మానకూడదు, ఎప్పుడైనా పేగు మెలిపడొచ్చు. రెండింట్లోనూ కుట్ల దగ్గర లీకవడం, రక్తం గడ్డకట్టడం ఉంటాయి. అరుదే, కానీ ప్రాణం మీదికి రావచ్చు. అసలేదీ చేయించుకోకపోతే ఆ ముప్పు వేరే."

"విడదీశాక ఆ మిగతాది లోపల ఏం చేస్తుందండీ?" అన్నాను.

"దాని పని అది చేస్తుంది. తిండి దాని దాకా రాకపోయినా రసాలు తయారుచేసి కిందికి పంపుతూనే ఉంటుంది."

తెర మీది ఆ అల మళ్లీ నా కళ్లముందు నడిచింది.

"కొన్ని వారాలు బరువులెత్తకూడదు. ఇంట్లో చూసుకునేదెవరు?" అని అడిగారావిడ.

మావారు వెంటనే, "మా ఇంట్లో అందర్నీ చూసుకునేది తనేనండీ," అన్నారు. ఆయన జోకు వెయ్యలేదు. డాక్టరు కలం ఆగిపోయింది.

"బైపాస్ చేయండి," అన్నాను. "సన్నబడ్డానికి కాదు, షుగర్‌కి. కోలుకునేదాకా మా అక్క ఇంట్లో ఉంటాను."

"మరి అమ్మకి వంట?"

"మీరున్నారుగా."

బయట వరండాలో ఆయన మొహం మాడ్చుకుని ముందు నడుస్తూ, "త్వరగా రా, అమ్మ భోజనానికి ఎదురుచూస్తుంటుంది," అన్నారు. అప్పుడే నా కడుపు గట్టిగా గుర్రుమంది. బెంచీల మీద కూర్చున్నవాళ్లు తలెత్తి చూశారు. మామూలుగా అయితే దగ్గి ఆ చప్పుడు కప్పేసేదాన్ని. ఇప్పుడు చెయ్యి దాని మీద వేసి, అది ముగించేదాకా అక్కడే నిలబడ్డాను.

"నాకు ఆకలేస్తోంది," అన్నాను.

పెళ్లయ్యాక ఆయన ముందు ఆ మాట పైకి అనడం అదే మొదలు.