పెద్దమ్మాయి దగ్గర పాలు నిలవవు

ఆ ఇంట్లో కాఫీ ఎప్పుడూ నల్లగానే ఉంటుంది. పాలకి కరువై కాదు, పెద్దమ్మాయి వల్ల. ఆమెకి అసూయ పుట్టిందంటే చాలు, దగ్గర్లో గిన్నెలో ఉన్నా సీసాలో ఉన్నా పాలు విరిగిపోతాయి. చెల్లెల్ని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజున మొదలైంది ఈ గొడవ. అందరూ ఆ పసిగుడ్డు చుట్టూ చేరి ముద్దులాడుతుంటే పొయ్యి మీద పాలు ముక్కలు ముక్కలయ్యాయి. వాళ్ళమ్మ కంగారుపడలేదు. కొందరి పిల్లలకి జలుబు ఎక్కువ, నా పిల్లకి ఇది ఎక్కువ అనుకుంది, అంతే. పైగా ఆవిడకి పనికొచ్చేది కూడా. ఇద్దరికీ కొత్త గౌన్లు తెచ్చినప్పుడు పాలగిన్నె మూత తీసి చూసి, "ఓహో, నీలం గౌను నీకు కావాలా?" అని మార్చేసేది.

పెద్దయ్యాక ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో చేరింది. అద్దాలు అరగదీయడం, ఫ్రేముల్లో బిగించడం. చుట్టుపక్కల పాలుండవు కాబట్టి పని ప్రశాంతంగా సాగిపోయేది.

ఆ ఆదివారం పొద్దున్నే చిన్నది జడ అల్లుకుంటూ వంటింట్లోకొచ్చింది.

"అక్కా, రైతుల సంతకి వెళ్దాం రావే. సాయంత్రం ఆయన వస్తున్నారు. చీజ్ పళ్ళెం నేనే సర్దుతానని గొప్పగా చెప్పేశాను. రకరకాల చీజ్ ముక్కలు, పళ్ళు, గింజలు అన్నీ ఒక చెక్క మీద పేర్చుకుని ఇద్దరం బాల్కనీలో కూర్చుని తినాలి. తీరా చూస్తే నాకు ఏది ఏదో తెలీదు."

ఆయనంటే వయొలిన్ మాస్టారు. ఆయన్ని ముందు చూసింది పెద్దమ్మాయి. వాయించేటప్పుడు కళ్ళజోడు ముక్కు మీద నుంచి జారుతోందని దుకాణానికి వచ్చాడు. ఒక్కసారిలో సరైపోయేదే అయినా, ఆయన మళ్ళీ రావాలని ఆమె కొంచెం వదులుగా వంచి పంపేది. ఆయన వచ్చేవాడు, కూర్చునేవాడు, కబుర్లు చెప్పేవాడు. ఒక వర్షం రోజున చిన్నది అక్కకి గొడుగు తెచ్చింది. ఖర్మ కాలి ఆ రోజే పెద్దమ్మాయి కళ్ళజోడు పక్కాగా బిగించి, అద్దాలు తళతళలాడేలా తుడిచి ఆయన ముక్కు మీద పెట్టింది. ఆయన తలెత్తి మొదట చూసింది చిన్నదాన్నే. ఆ తర్వాత కళ్ళజోడు జారిందీ లేదు, ఆయన దుకాణానికి వచ్చిందీ లేదు. పెద్దమ్మాయి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో పాలు లేవు కాబట్టి ఎవరికీ తెలియనూ లేదు.

సంతలో చీజ్ కొట్టు చివరి వరసలో ఉంది. అక్కడికి వెళ్ళేసరికి కొట్టాయన, మోచేతుల దాకా చొక్కా మడిచి, పెద్ద స్టీలు తొట్టిలో గోరువెచ్చని పాలు కలుపుతున్నాడు. కొనేవాళ్ళ కళ్ళముందే తాజా చీజ్ చేసి ఇవ్వడం ఆయన పద్ధతి. ఆ పూట చలికి పాలు మొరాయిస్తున్నాయి, ఎంత పులుపు పోసినా విరగడం లేదు.

పెద్దమ్మాయి తొట్టికి దూరంగా నిలబడింది. చిన్నది మాత్రం కత్తి మొనతో ఇచ్చిన రుచులన్నీ చూసేసి, అంజూరపళ్ళు, అక్రోట్లు బుట్టలో వేసుకుని వెనక్కి తిరిగింది.

"ఆయనకి ఏ చీజ్ ఇష్టమో నీకే తెలియాలి అక్కా. మీ దుకాణంలో గంటలకొద్దీ కూర్చునేవారటగా. 'మీ అక్కయ్యగారితో మాట్లాడితే పొద్దే తెలీదు' అంటారు."

అక్కయ్యగారట! పెద్దమ్మాయి కడుపు భగ్గుమంది. మేకపాల చీజ్ వాసనంటేనే ఆయనకి పడదని ఆమెకి బాగా తెలుసు. వేలు చాపి దాన్నే చూపించింది.

"అదంటే ఆయనకి ప్రాణం."

"నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నే!" అని చిన్నది అక్కని తొట్టి దగ్గరికి లాక్కొచ్చి, నడి సంతలో కావలించుకుంది.

తొట్టిలో పాలు ఒక్కసారిగా విరిగాయి. తెల్లటి ముక్కలు పైకి తేలి, కింద తేటనీళ్ళు మిగిలాయి. చిన్నది అటు చూసి, అక్క మొహం చూసింది.

"దేనికే?"

పెద్దమ్మాయి చూపు చెల్లెలి కాళ్ళ మీదికి దించింది.

"నీ చెప్పులు... బాగున్నాయి," అంది.

"అంతేనా పిచ్చిమొహమా!" అని చిన్నది అక్కడికక్కడే చెప్పులు విప్పి అక్క కాళ్ళకి తొడిగి, అక్క పాత చెప్పులు తను వేసుకుంది. కొత్తవి పెద్దమ్మాయికి బిగుతు. వేళ్ళు నలిగిపోతుంటే ఆమెకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మేకపాల చీజ్ పక్కన పెట్టించి, పసుప్పచ్చటి గట్టి చీజ్ కోయించింది. "ఇది తీసుకెళ్ళు. పొరపాటు పడ్డాను," అంది. అలాగని కడుపులో మంట చల్లారిందా అంటే, రవ్వంత కూడా లేదు.

కొట్టాయన ఈలోగా విరిగిన ముక్క ఒకటి నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకుని నమిలాడు.

"ఏమండీ, చెప్పుల మీది కుళ్ళుకే పాలు ఇంత మెత్తగా విరగడం నా జన్మలో చూడలేదు. ఆదివారాలు మీరిక్కడ పనిచేస్తారా?"

అసూయకి జీతమిస్తానన్నవాడు ఆమెకి అదే మొదటిసారి తగలడం. సరేనంది.

అలా ప్రతి ఆదివారం ఆమె తొట్టి పక్కన నిలబడేది. చిన్నదీ మాస్టారూ చేతిలో చెయ్యి వేసుకుని ఆ వారం పళ్ళేనికి చీజ్ కొనడానికి వచ్చేవాళ్ళు. ఒకరి నోటికి ఒకరు రుచి అందించుకునేవాళ్ళు. పాలు విరిగేవి. కొట్టాయన మాటా పలుకూ లేకుండా ఆ ముక్కల్ని గుడ్డలో వడగట్టి, పిండి, వేలాడదీసేవాడు. జనం వరసలు కట్టి కొనుక్కుపోయేవాళ్ళు. కొట్టాయన మొహంలో మాత్రం వారం వారానికీ కళ తగ్గింది. వ్యాపారం ఇంత బాగుంటే ఈ మనిషికి ఏం రోగం అనుకునేది పెద్దమ్మాయి. అయినా ఆమె చేతులు చలికి బిగుసుకుపోతే వేడినీళ్ళ గిన్నె జరిపేవాడు. నిలబడలేకపోతే స్టూలు తెచ్చేవాడు. ఆ పనులు అంత చప్పుడు లేకుండా చేసేవాడు కాబట్టి ఆమెకి చాన్నాళ్ళు కనబడలేదు.

ఒక ఆదివారం చిన్నది పరిగెత్తుకుంటూ వచ్చింది. "అక్కా, పెళ్ళి ఖాయం చేసుకున్నాం!"

మాస్టారు వెనకే నవ్వుతూ నిలబడ్డాడు, కళ్ళజోడు ముక్కు మీద కుదురుగా ఉంది. పెద్దమ్మాయి చెల్లెల్ని దగ్గరకి తీసుకుని తొట్టి వైపు చూసింది. పాలు పాలలాగే ఉన్నాయి. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా అలాగే ఉన్నాయి. కడుపులో వెతికి చూసుకుంది. మంట లేదు, కనీసం పొగైనా లేదు.

ఇప్పుడు ఆమెకి గుండెల్లో రాయి పడింది. పాలు విరగకపోతే ఇక్కడ తనకేం పని? వచ్చే ఆదివారం నుంచి ఈ స్టూలు, ఈ వేడినీళ్ళు, పక్కనే ఈ మనిషి ఉండరు. అది తలుచుకుంటే చెల్లెలి పెళ్ళి మాట విన్నప్పుడు రాని ఏడుపు వచ్చింది.

అప్పుడే ఎదురుగా కొత్తగా తేనె కొట్టు పెట్టినామె చేతులూపుకుంటూ వచ్చింది. "నా తేనెకి ఏ చీజ్ బాగుంటుందో మీరే చెప్పాలి," అంది కొట్టాయనతో, వయ్యారంగా. ఆయన ఒక ముక్క కోశాడు. ఆమె చెయ్యి చాపకుండా నోరు తెరిచింది. ఆయన మొహమాటపడుతూనే నోటికి అందించాడు.

తొట్టి మొత్తం విరిగింది. రెండు వరసల అవతల కాఫీబండివాడు "అయ్యో, నా పాలు కూడా పోయాయి!" అని కేకపెట్టాడు. ఐస్‌క్రీము బండి దగ్గర పిల్లలు ఏడుపు లంకించుకున్నారు.

సంతంతా పెద్దమ్మాయి వైపు తిరిగింది. ఈసారి ఆమె చెప్పుల మీదికి నెట్టలేదు.

"చేతికిస్తే తినలేదా ఆవిడ?" అంది గట్టిగానే. "నాకు మంటగా ఉంది. ఎవరేమనుకున్నా సరే, నాకు మంటగానే ఉంది."

తేనె కొట్టామె మెల్లగా జారుకుంది. కొట్టాయన కత్తి కింద పెట్టాడు. విరిగిన పాల వంక కన్నెత్తైనా చూడలేదు.

"ఇన్నాళ్ళూ ఆ కళ్ళజోడాయన కోసం విరిగిన పాలని పిండుతూ కూర్చున్నానండీ," అన్నాడు. "నాకు ఎంత మండేదో మీకేం తెలుసు? నేను ఎంత కుళ్ళుకున్నా పాలు విరగవు కదా!"