పొయ్యిలో పడ్డ రింగు

మొగుడు కుప్పయ్య తన్నిన తన్నుకు భారతమ్మ చెరకు పిప్పి మీద వెల్లకిలా పడింది. అతని పిడికిట్లో ఆమె రబ్బరు రింగు ఉంది. గానుగ పాక వెనక తడిక చాటున ఆమె వేణ్ణీళ్ళతో దాన్ని కడిగి రాతిమీద ఆరబెట్టింది. మళ్ళీ లోపల పెట్టుకునేలోపే అతని కంటబడింది.

"లూపు ఏపించుకున్నావా మే! ఎవుర్ని అడిగి? నాకు మగబిడ్డ పుట్టకూడదనా?"

"లూపు కాదు, నీ కాళ్ళకు దండం పెడతా. మూడో కానుపులో మూత్రపు తిత్తి జారి బయటికొస్తా ఉండాది. దాన్ని పైన నిలబెట్టేది ఇది. సిత్తూరు ఆస్పత్రిలో నర్సమ్మ పెట్టింది. బరువులు ఎత్తొద్దనింది."

"నువ్వు ఎత్తకపోతే మీ నాయనొచ్చి ఎత్తుతాడా?"

ఎమర్జెన్సీలో అతని తమ్ముణ్ణి సంతలో పట్టుకొని తీసుకెళ్ళి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి పంపారు. అప్పట్నుంచి ఆస్పత్రి వస్తువేదైనా కుప్పయ్యకు వంశం మీద పెట్టిన కత్తే. రింగును పొయ్యిలోకి విసిరాడు. రబ్బరు చిటపటమని నల్లపొగ చిమ్మింది.

ఆ రింగుతోనే ఆమె ఈమధ్య నిటారుగా నడిచింది. దగ్గినా చీర తడవలేదు. నలుగురిలో కూర్చోగలిగింది.

"లెయ్. డబ్బా ఎత్తు."

జుట్టు పట్టి లేపాడు. చెరకుపాల డబ్బా నడుముదాకా లేచేసరికి ఆమె లోపల ఏదో తెగినట్టు జారింది. తొడలమీద మూత్రం, దాంతోపాటు నెత్తురు. డబ్బా చేజారి పాలన్నీ మట్టిలో కలిశాయి. కుప్పయ్య చెరకు గడ అందుకున్నాడు. అది ఆమె వీపుమీద విరిగింది. ఇంకోటి తీశాడు.

పెనం దగ్గర బెల్లం పాకం కలుపుతున్న అతని తల్లి చెంగమ్మ అంతసేపూ తలెత్తలేదు. రెండో గడ పైకి లేవగానే కాగే పాకాన్ని తెడ్డుతో ఎత్తి కొడుకు ముంజేతిమీద కొట్టింది. అతని అరుపుకు గానుగ ఎద్దులు బెదిరి నిలిచిపోయాయి.

"అమ్మా! నన్నేనా?"

"నిన్నేరా. నిన్ను కన్నప్పుడే నాకూ జారింది. గుడ్డ ఉండ కుక్కుకోని, పుండుతోనే నిన్ను సాకినా. మీ నాయనకు సెప్తే రోకలెత్తినాడు. మళ్ళా ఎవురికీ సెప్పలా. దీనికో దారుండాదని నాకు ఇయ్యాలే తెలిసింది. దాన్నీ కాల్చేస్తివి."

అతను ఒక అడుగు ముందుకేశాడు. ఆమె తెడ్డు మళ్ళీ పెనంలో ముంచింది. అతను ఆగిపోయాడు.

చెంగమ్మ కోడలి చంకలో చెయ్యేసి లేపింది.

"నడవగలవా మే?"

"మెల్లిగా, అత్తా."

"పాకాలకు పోయి సిత్తూరు బస్సెక్కుదాం. నర్సమ్మను రెండు రింగులు అడగాల."

పొలం గట్టు దాటేదాకా ముసల్ది తెడ్డు వదల్లేదు. వెనక పాకం మాడుతోంది. కాలిన చేతిని బురదలో పెట్టుకొని, పొయ్యి ఎగదొయ్యడానికి ఒక్క మనిషీ లేదని కుప్పయ్య బండబూతులు తిడుతూనే ఉన్నాడు.