దీపాలపేటలో కాపురం

ధవళేశ్వరం ఆనకట్ట కట్టి ముప్పై ఏళ్ళు దాటిన రోజుల మాట. గౌతమి సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఒకే ఒడ్డున, రెండు పేటలుండేవి. మొగను ఆనుకుని మెరకపాలెం, దానికి కాస్త దక్షిణంగా దీపాలపేట. చుట్ట ముట్టించి నడక మొదలుపెడితే అది కాలేలోపు ఒకదాన్నుంచి ఇంకొకదానికి చేరిపోవచ్చు. అయినా ఈ పేటకీ ఆ పేటకీ ఉప్పూ నిప్పూగా ఉండేది.

మెరకపాలెంలో చేత్తో ఇసక తోడితే చాలు, తియ్యటి నీళ్ళు ఊరేవి. ఇళ్ళన్నీ మెట్ట మీద, ఆటుపోట్ల భయం లేని చోట. ఎవరింట్లో పురుడొచ్చినా, జ్వరమొచ్చినా పేట పేటంతా గుమ్మంలో ఉండేది. కాకపోతే పొద్దుగూకిందంటే అందరూ తలుపులు వేసుకుని పడుకోవడమే. ఆ తరవాత వినపడేది సముద్రం ఒక్కటే. దీపాలపేట సంగతి అలా కాదు. దాని అసలు పేరు జనం ఎప్పుడో మరిచిపోయారు. యానాం ఫ్రెంచి దొరల ఏలుబడిలో ఉంది కనక అక్కడ సారా చవక. అది దొంగచాటుగా పడవల్లో ఇక్కడ దిగేది. దాని వెనకాలే వేయించిన పీతలూ, భాగోతాలూ, డప్పులూ, కోరంగి నుంచి వచ్చే ఓడ కళాసులూ దిగారు. ఇప్పుడు కొత్తగా వచ్చిన కిర్సనాయిలు లాంతర్లు వెంకన్న సారా కొట్టు ముందు బారుగా వేలాడుతున్నాయి. ఇంత వైభోగంలోనూ తాగడానికి గుక్కెడు నీళ్ళు కావాలంటే మెరకపాలెం వెళ్ళి కుండ నింపుకోవలసిందే! దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారా?

లోవమ్మ పుట్టిందీ మెట్టిందీ మెరకపాలెమే. అలాంటిదాన్ని మొగుడు అబ్బులు పట్టుబట్టి దీపాలపేటకి తీసుకొచ్చాడు. అతని అన్న బుల్లియ్య వేటకెళ్ళి సముద్రంలో మునిగిపోయినప్పటినుంచీ అతనిది ఒకటే పట్టు. ఎందుకని అడిగితే, "అక్కడైతే చేపలు సాయంత్రమే అమ్ముడైపోతాయే" అనేవాడు. అది అబద్ధమేం కాదు. లోవమ్మ గంప దింపకముందే బేరం తెగిపోయేది. కానీ మొగవాడు సారా కొట్టు పక్కన ఇల్లు ఎందుకు వెతుక్కుంటాడో ఆడదానికి ఒకరు చెప్పాలా? చిత్రమేమిటంటే అబ్బులు నోట ఒక్కనాడూ సారా వాసన రాలేదు. అందుకే ఆమెకి మరీ భయం. తాగుడైతే తిట్టవచ్చు, ఏడవవచ్చు. ఏమిటో తెలియనిదాన్ని ఏం చెయ్యాలి?

అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. మెరకపాలెంలో తాతలనాటి కట్టుబాటు ఒకటి ఉండేది. నావలు సముద్రం మీద ఉంటే, చీకటి పడ్డప్పటినుంచీ మొగ దగ్గర దిబ్బ మీద వంతులవారీగా మంట పెట్టేవారు. ఆఖరి నావ ఒడ్డు తాకేదాకా దాన్ని ఆరనిచ్చేవారు కాదు. ఆ మంట తప్ప వేరే వెలుగేదీ సముద్రానికి కనపడకూడదు. ఆఖరికి వంట పొయ్యిలు కూడా ఇంటికి పడమటి వైపే పెట్టుకునేవారు. కనపడ్డ వెలుగే మన ఊరని నమ్మి మొగవాళ్ళు నావ తిప్పుకొచ్చేవారు. ఇప్పుడేమో దీపాలపేటలో లాంతర్లు వెలుగుతున్నాయి. ఆ పేటకి ఎదురుగా నీళ్ళ కింద ఇసక మేట ఉంది. నావ మేట ఎక్కిందా, వెనకనుంచి వచ్చే అల దాన్ని బోర్లా కొట్టేస్తుంది. ఆకాశం తేటగా ఉన్ననాడు రెండు వెలుగులూ కనపడతాయి, ఏది తమదో తెలుస్తుంది. ముసురు పట్టిననాడు చిన్న మంట కనపడదు. లాంతర్లే కనపడతాయి.

ఈ సంగతి లోవమ్మ పొద్దుటే నీళ్ళకి వెళ్తూ వెంకన్నకి ఎన్నోసార్లు చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

కార్తీకంలో ఒకనాడు మధ్యాహ్నం అబ్బులు వల భుజాన వేసుకుని, "పోతురాజు బాబాయి నావలో ఎల్తన్నానే" అని చెప్పి వెళ్ళాడు. రోజూ చెప్పే మాటే అది. పోతురాజు మెరకపాలెం పెద్ద, కొడుకులతో కలిసి వేటకి వెళ్ళే మనిషి. పొద్దువాలేసరికి తూర్పున మబ్బు కమ్మింది. సన్నటి తుప్పర మొదలై, చూస్తూండగానే ముసురైంది. లోవమ్మ ఇంటి వెనక్కి వెళ్ళి ఉత్తరంగా చూసింది. మంట జాడ లేదు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. తెల్లటి తుప్పర తప్ప ఏమీ లేదు. వెనక్కి తిరిగితే వెంకన్న లాంతర్లు పెళ్ళివారిల్లులా వెలిగిపోతున్నాయి.

కొట్టు దాకా ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. అక్కడ డప్పు మోతలో మనిషి మాట మనిషికి వినపడడం లేదు.

"వెంకన్న గారూ! దీపాలు ఆర్పెయ్యండి! మీ కాళ్ళట్టుకుంటానండి!"

"ఏంటమ్మా, బేరాలేళ దీపాలార్పమంటావేంటి?"

"మా ఆయన సముద్రం మీదున్నాడండి, పోతురాజు బాబాయి నావలో. అవతల మంట కనపడతం లేదు. ఇయ్యి చూసుకుని మేట మీదకొచ్చేత్తారండి!"

వెంకన్న ఆమెను వింతగా చూశాడు. "ఎవరూ, అబ్బులా? సముద్రం మీదేంటమ్మా! ఈ దీపాలన్నిటికీ నూనె పోసి ఎలిగించింది అతనేగా. ఇక్కడికొచ్చిన కాణ్ణించీ మా దగ్గరే కూలి చేత్తన్నాడు. నీకు చెప్పలేదా?"

ఆ మాటకి కొట్టు వెనకనుంచి అబ్బులు వచ్చాడు. చేతిలో నూనె డబ్బా ఉంది. అతన్ని చూడగానే లోవమ్మకి పోయిన ప్రాణం లేచివచ్చింది. మరుక్షణమే ఒళ్ళు మండిపోయింది.

"ఏంటి మావా ఇది? మరి రోజూ వాటా అని తెచ్చిన చేపలో?"

"కొన్నవేనే." అతను తల ఎత్తలేదు. "అన్నయ్య పోయాక నావెక్కలేకపోతన్నాను. ఎక్కబోతే కాళ్ళు రావు. మన పేటలో రేత్రంతా అదే హోరు. చెవులు మూసుకున్నా ఇనపడద్ది. ఇక్కడ డప్పుల్లో ఇనపడదని వచ్చేను."

సముద్రానికి జడిసిన జాలరిని చూస్తే పాలు తాగే పిల్లలు కూడా నవ్వుతారు. అందుకే కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పుకోలేకపోయాడు. లోవమ్మకి నవ్వు రాలేదు. భయం మాత్రం ఇంకో వైపు తిరిగింది.

"బాబాయి వచ్చేడా?"

అబ్బులు నూనె డబ్బా కింద పెట్టేశాడు. "లేదు. మజ్జాన్నం ఎల్లిన నావ." అతను లాంతర్ల వంక చూశాడు, చీకటి వంక చూశాడు. "దీపాలార్పితే చాలదే. డప్పు కూడా ఆపాలి. ఆళ్ళ కేక మనకి ఇనపడాలి, మన కేక ఆళ్ళకి ఇనపడాలి."

అని ఒక్కొక్క లాంతరూ ఆర్పడం మొదలుపెట్టాడు. వెంకన్న లబోదిబోమన్నాడు. తాగుతున్నవాళ్ళు బూతులు లంకించుకున్నారు. సంగతి ముందుగా అర్థమైంది కోరంగి కళాసులకి. వాళ్ళలో ఒకడు లేచి డప్పు మీద చెయ్యి వేశాడు. చివరి దీపం ఆరిపోయింది.

అప్పుడు సముద్రం వినపడింది. దీపాలపేటలో అన్నాళ్ళనుంచీ అది అంత దగ్గర ఉందని ఎవరూ అనుకోలేదు. అబ్బులు లోవమ్మ చెయ్యి పట్టుకున్నాడు. గాజులు చిట్లేంత గట్టిగా పట్టుకున్నాడు.

కళ్ళకి లాంతర్ల మిరుమిట్లు పోయాక ఉత్తరాన, ఎంతో దూరంలో ఉన్నట్టు, మిణుకుమంటూ చిన్న వెలుగు కనపడింది. అదే సమయానికి ఎదురుగా చీకట్లోంచి కేక వినపడింది. పోతురాజు గొంతే అది. నావ మేట దగ్గరికి వచ్చేసింది!

"మావా!" అంది లోవమ్మ.

అబ్బులు ఆమె చెయ్యి వదిలేసి నీళ్ళకేసి పరిగెత్తాడు. మోకాళ్ళ లోతు దిగాడు. అల వచ్చి నడుం దాకా కొట్టింది. పడబోయి నిలదొక్కుకున్నాడు. "బాబాయ్! మేట! మేట! ఇది మన ఊరు కాదు! ఉత్తరానికి తిప్పండీ!" అని గొంతు చించుకుని అరిచాడు. అరిచి, మళ్ళీ వినడానికి ఆగాడు. ఆ వినడమే అతనికి చావు. ఒడ్డున నిలబడ్డ లోవమ్మకి కూడా ఆ హోరు తప్ప ఏమీ వినపడలేదు. గంగమ్మకి ఏ మొక్కు మొక్కుకోవాలో తోచక ఊరికే చేతులు జోడించింది.

చాలాసేపటికి తెడ్ల చప్పుడు వినవచ్చింది. అది పక్కకి తిరిగింది. ఉత్తరంగా జరిగి జరిగి సన్నగిల్లిపోయింది. ఎవరూ కదలలేదు. ఆఖరికి మెరకపాలెం వైపునుంచి నావను ఒడ్డుకి లాగేవాళ్ళ హైలెస్సా గాలిలో తేలివచ్చింది. కళాసులు కేరింతలు కొట్టారు. వెంకన్న కూడా హమ్మయ్య అని కూలబడ్డాడు.

"ఇకమీదట ముసురు పట్టిననాడు దీపాలు పెట్టనమ్మా. ఒట్టు" అన్నాడు.

అబ్బులు తడి ఇసకలో ముడుచుకుని కూర్చున్నాడు. రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. లోవమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. మెరకపాలెం వెళ్ళిపోదాం పద అని ఇన్నాళ్ళూ పోరింది. ఇప్పుడు ఆ మాట అంటే అతను కాదనడు. రేపు పొద్దున్నే పోతురాజు బాబాయే వచ్చి సామాను మోయిస్తాడు. అక్కడ తియ్యటి నీళ్ళుంటాయి, తనవాళ్ళుంటారు. తెల్లవార్లూ ఈ హోరూ ఉంటుంది.

ఆమె అతని చేతుల మీద తన చేతులు వేసి, చెవులు ఇంకా గట్టిగా మూసింది.

"వెంకన్న గారూ," అని కేకేసింది. "నావలన్నీ చేరిపోయేయండి. డప్పు కొట్టించండి."

డప్పు మోగింది. కాసేపటికి అబ్బులు వణుకు తగ్గింది. ఇంటికొచ్చి పడుకోగానే నిద్రపోయాడు. ఇన్నాళ్ళూ ఆ మోతని శాపనార్థాలు పెడుతూ పడుకున్న లోవమ్మ, ఆ రాత్రి అది ఎక్కడ ఆగిపోతుందోనని భయపడుతూ కన్ను మూయకుండా కూర్చుంది.