సొంత యాస

సన్యాసిరావు ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్‌లో పట్టాలు మార్చే రైల్వే పాయింట్స్‌మన్. ఇనుప ఖనిజం వేగన్లలోకి జారిపడే మోతలో పనిచేసి చేసి అతని చెవులు మందగించాయి. సంగతి బయటపడితే పని నుంచి తప్పిస్తారన్న భయంతో రైల్వే ఆసుపత్రి గడప తొక్కలేదు. ఎదుటివాళ్ల పెదాలు చూసి తలూపుతూ నెట్టుకొస్తున్నాడు. అందుకే భార్య ఎర్రమ్మ ఎవరికీ చెప్పకుండా ఫోన్‌లో చెవి మిషన్‌కు ఆర్డరు పెట్టింది.

పార్సిల్ తెచ్చింది గీదం వైపు నుంచి వచ్చే డెలివరీ కుర్రాడు, అక్కడి ఆదివాసీ ఆయతు. డబ్బు కట్టి విప్పి చూస్తే లోపల పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ ఇయర్‌ఫోన్లు!

"దొంగ నాయాలా! నువ్వే మార్చీసినావు!" ఎర్రమ్మ అతని చొక్కా పట్టుకుంది.

ఆయతు విడిపించుకోలేదు. రైల్వే క్వార్టర్లలో తిరిగి నేర్చుకున్న వచ్చీరాని తెలుగులో చెప్పాడు. "డబ్బా నేను తెరవను, అమ్మా. ఆర్డర్ పెట్టిన యాప్ లోపలే వాపస్ పెట్టు. బయటి నంబర్‌కి ఫోన్ వద్దు. ఓటీపీ ఎవరికీ వద్దు."

అడవిలోంచి వచ్చినవాడు నాకు బుద్ధులు చెప్పడమా అనుకుంది ఎర్రమ్మ. అతను వెళ్లగానే ఫోన్‌లో వెతికి, మొదట కనబడిన కస్టమర్ కేర్ నంబర్‌కు చేసింది.

అవతలివాడు హిందీలో మొదలుపెట్టాడు. ఆమె తడబాటు విని తెలుగులోకి మారాడు.

"ఏ ఊరు పిన్నీ మీది?"

"టెక్కలి దగ్గర, బావూ."

"ఓలమ్మ! మాది నరసన్నపేట. నీ డబ్బులు నానిప్పించేత్తాను. బెంగెట్టుకోకు."

బజారులోనూ బ్యాంకులోనూ హిందీ కూడబలుక్కుని బతికే మనిషి ఎర్రమ్మ. ఇంట్లో కబుర్లు ఆగిపోయి చాలా కాలమైంది. ఆ యాస వినేసరికి ప్రాణం లేచొచ్చింది. అడిగినవన్నీ చెప్పింది, చివరికి మెసేజ్‌లో వచ్చిన అంకెలు కూడా. అతను "ఉంటాను పిన్నీ" అని పెట్టేశాక చూసుకుంటే ఖాతా ఊడ్చుకుపోయింది.

డ్యూటీ దిగి వచ్చిన సన్యాసిరావు "ఏటైందే?" అన్నాడు. చెప్పింది. ఏడుపుతో వణుకుతున్న ఆ పెదాలు అతనికి అర్థం కాలేదు. "ఏటి? ఏటంటన్నావు?" అని మళ్లీ మళ్లీ అడిగాడు.

"డబ్బులు పోనాయి, మావా! నీ సెవులకి మిషన్ కొందావని సూత్తే దొంగలు దోసీసినారు!" గొంతు చించుకుని అరిచింది.

క్వార్టర్ల వరసంతా విన్నది. పక్కింట్లోనే ఉండే సత్యమూర్తి, సన్యాసిరావు పై అధికారి, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

సైబర్ హెల్ప్‌లైన్‌కు ఆయనే ఫోన్ చేసి ఫిర్యాదు చేయించాడు. డబ్బు అప్పటికే చేతులు మారిపోయిందన్నారు. సన్యాసిరావును చెవుల పరీక్షకు పంపిందీ ఆయనే.

"పాయింట్ల దగ్గర వినపడని మనిషిని ఎలా ఉంచమంటావమ్మా?" అన్నాడాయన ఎర్రమ్మతో. సన్యాసిరావును లైన్ మీంచి తప్పించి ఆఫీసులో ఫైళ్లు మోసే పనిలో వేశారు.

తర్వాత ఒక సంత రోజు ఆయతు ఎదురుపడ్డాడు.

"తప్పయిపోనాది, బాబూ," అంది ఎర్రమ్మ.

"పైసా దొరికిందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. అతను బండి తన్ని వెళ్లిపోయాడు. నాలుగు తిట్లు తిట్టి వెళ్లినా బాగుండేదని అనిపించిందామెకు.